సిక్లిడ్‌లలో ఎవరికి ఎవరితో పడుతుంది?

రెండడుగుల గాజుపెట్టెలో యాభై అరవై సిక్లిడ్ చేపలు. పసుపువి, నీలంవి, నారింజవి, నల్లచారలవి. ఒక్కొక్కటీ బొటనవేలంత ఉన్నాయి. ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ తిరుగుతున్నా ఎక్కడా కొట్లాట లేదు. పెట్టె మీద ‘ఆఫ్రికన్ మిక్స్’ అని చీటీ అంటించి ఉంది. “అన్నీ కలిసే ఉంటాయి సార్, టెన్షన్ ఏం లేదు” అన్నాడు దుకాణం కుర్రాడు. చాలా ఏళ్ల కిందట ఆ మాట విని పన్నెండు తెచ్చి నాలుగడుగుల ట్యాంకులో వేశాను. ఎనిమిది నెలలు తిరిగేసరికి మూడు మిగిలాయి. వాటిలో రెండు, తోకలు చిరిగిపోయి, ఫిల్టర్ పైపు వెనక నీటి అంచుకు అంగుళం కింద బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉండేవి. మూడోది మిగతా ట్యాంకంతా పట్టా చేయించుకున్నట్టు తిరిగేది. తెచ్చినప్పుడు దాని ఒళ్లు పసుపు, చారలు నలుపు. ఇప్పుడు ఒళ్లు నల్లబడి, చారలు లేతరంగులోకి తిరిగాయి. దాని పేరు ఆరాటస్ అనీ, ఆఫ్రికాలోని మలావీ సరస్సు చేపల్లో పేరుమోసిన రౌడీ అనీ తర్వాతెప్పుడో తెలిసింది.

ఆ కుర్రాడు అబద్ధమేమీ చెప్పలేదు. ఆ పెట్టెలో అవి కలిసే ఉన్నాయి. అన్నీ పిల్లలు. పైగా ఎవరికీ సొంత మూల దొరకనంత కిక్కిరిసి ఉన్నాయి. ‘ఈ చేప ఆ చేపతో కలుస్తుందా’ అన్నది సిక్లిడ్‌ల దగ్గర సగం ప్రశ్నే. ఎంత వయసులో, ఎంత జాగాలో, గుడ్లు పెట్టే వేళలోనా మామూలు వేళలోనా అన్నది మిగతా సగం. కొనేటప్పుడు చూడాల్సింది ఎదురుగా ఈదుతున్న రెండంగుళాల పిల్లని కాదు, రెండేళ్ల తర్వాత ఇంట్లో ఉండబోయే పెద్ద చేపని.

ఈ మధ్య వరంగల్ నుంచి తెలిసిన తమ్ముడొకడు ఫోన్ చేశాడు. “అన్నా, ఆరడుగుల ట్యాంకు పెట్టించా. బోరు నీళ్లు. రంగురంగుల సిక్లిడ్‌లు వెయ్యాలి. ఏవేవి తేవాలో ఒక లిస్టు పంపు” అన్నాడు. లిస్టు పంపితే రెండు నిమిషాల పని. కానీ అందులో రెండు దొరక్కపోతే వాటి బదులు ఏం తెస్తాడో అని భయం వేసింది. కాబట్టి కారణాలతో సహా చెప్పాల్సి వచ్చింది. అదే ఇక్కడ కొంచెం విడమరిచి రాస్తున్నాను.

తిలాపియా చుట్టాలు

సిక్లిడ్ అంటే ఏదో విదేశీ వింత అనుకుంటాం గానీ, మన చెరువుల్లో చేరి పాతుకుపోయిన తిలాపియా సిక్లిడే. 1952లో దాన్ని మన దేశానికి తెచ్చారు. కేరళలో అరిటాకులో చుట్టి కాల్చే కరిమీన్ కూడా సిక్లిడే. ఈ కుటుంబంలో శాస్త్రవేత్తలు పేరు పెట్టిన జాతులే 1,700 పైన ఉన్నాయి. ఎక్కువ భాగం ఆఫ్రికాలో, దక్షిణ, మధ్య అమెరికాల్లో ఉంటాయి. భారత్, శ్రీలంకల్లో పుట్టినవి మూడే మూడు. వాటిలో ఒకటైన నారింజ క్రోమైడ్ పిల్లలు కరిమీన్ ఒంటి మీద ఉండే పరాన్నజీవుల్ని ఏరుకుని తింటాయి. సిక్లిడ్‌లలో ఒకదాని వల్ల ఇంకోదానికి మేలు జరిగే ఇలాంటి సంగతి అరుదు కాబట్టి చెప్పాను. అవి రెండూ కాస్త ఉప్పదనం ఉన్న నీటివి, మన ట్యాంకు లెక్కలోకి రావు.

ఈ చేపలు ఎందుకు అంత కొట్టుకుంటాయి? పిల్లల కోసం. బొచ్చె, శీలావతి లాంటివి వరద నీటిలో లక్షల గుడ్లు వదిలేసి తమ దారిన తాము పోతాయి. వాటికి కాపాడుకోవాల్సిన ఇల్లంటూ ఉండదు, అందుకే ఒక చెరువులో వేల సంఖ్యలో కలిసి బతుకుతాయి. కొరమీను అలా కాదు. ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద ముద్దగా కదులుతుంటే, కింద పెద్ద చేప కాపలా కాస్తుంటుంది. అప్పుడు ఆ గుంపు జోలికి పోయే ఏ చేపకైనా మూడినట్టే. సిక్లిడ్‌లు దాదాపు అన్నీ ఆ బాపతే. గుడ్లు పెట్టాలంటే చోటు కావాలి, చోటు కావాలంటే పక్కవాణ్ణి తరమాలి. సరస్సులో తరిమితే అవతలి చేప పారిపోతుంది, కథ అక్కడితో అయిపోతుంది. ట్యాంకులో పారిపోవడానికి చోటుండదు. పారిపోనివాణ్ణి ఇంకా ఎదిరిస్తున్నాడనుకుని కొడుతూనే ఉంటుంది. చనిపోయేవి ఎక్కువగా ఇలాగే చనిపోతాయి.

పిల్లల్ని సాకడంలో వీటికి రెండు పద్ధతులున్నాయి. కొన్ని రాయి మీదో, గుంటలోనో, ఆకు మీదో గుడ్లు పెట్టి ఆడా మగా జంటగా కాస్తాయి. అమెరికా ఖండాల సిక్లిడ్‌లు చాలావరకు ఇవే. ఇంకొన్నిటిలో తల్లి గుడ్లని నోట్లో పెట్టుకుంటుంది. మూడు వారాలపాటు దాదాపు మేత ముట్టకుండా నోట్లోనే పొదిగి, ఈదగలిగిన పిల్లల్ని బయటికి వదులుతుంది. మలావీ సరస్సులో మనం కొనే రకాలన్నీ దాదాపు ఇలాంటివే. ట్యాంకు పెట్టేవాడికి ఈ తేడా చాలా ముఖ్యం. జంట కట్టే చేపలు గుడ్లు పెట్టిన రోజు నుంచి సగం ట్యాంకుని నిషేధిత ప్రాంతం చేసేస్తాయి. నోట్లో పొదిగే వాటిలో మగది ఏడాది పొడుగునా తన రాయి చుట్టూ పెత్తనం చేస్తుంది గానీ, తల్లి మాత్రం ఎవరి జోలికీ పోకుండా ఒక మూల దాక్కుంటుంది. మొదటి రకంతో అప్పుడప్పుడు యుద్ధం వస్తుంది, రెండో రకంతో రోజూ చిల్లర తగాదాలు ఉంటాయి. పెద్ద గుంపుని కలిపి ఉంచాలంటే చిల్లర తగాదాలే నయమని నా లెక్క.

ముందు నీళ్లు

చేపల గుణాల కంటే ముందు నీళ్ల సంగతి తేలాలి. మలావీ సరస్సు నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత, 7 అయితే మధ్యస్థం) సుమారు 7.7 నుంచి 8.6 దాకా ఉంటుంది. ఆఫ్రికాలోనే ఉన్న టాంగన్యికా సరస్సులో 9 దగ్గరికి వెళ్తుంది. ఇవి లవణాలు కరిగిన గట్టి నీళ్లు. అమెజాన్ ఉపనది రియో నీగ్రోలో పీహెచ్ 4, 5 మధ్య ఉంటుంది. కుళ్లిన ఆకుల వల్ల టీ డికాషన్ రంగులో ఉండే ఆ నీటిలో లవణాలు లేవన్నంత తక్కువ. డిస్కస్ లాంటి అమెజాన్ సిక్లిడ్‌ల పుట్టిల్లు ఈ వైపు, పసుపు ల్యాబ్ లాంటి మలావీ సిక్లిడ్‌ల పుట్టిల్లు ఆ వైపు. మధ్యస్థంగా 7.4 పెడితే రెండూ బతుకుతాయి కదా అని వాదించేవాళ్లున్నారు. బతకడం వరకైతే నిజమే, ట్యాంకుల్లో తరతరాలుగా పెరిగినవి చాలా తట్టుకుంటాయి. చెన్నై దగ్గర కొళత్తూర్ లాంటి చోట్ల పెంచిన ఏంజెల్ చేపలు (ఇవీ అమెజాన్ సిక్లిడ్‌లే) మన గట్టి నీళ్లలోనూ హాయిగా ఉంటాయి. కానీ ఆఫ్రికా, అమెరికా చేపలు కలవకపోవడానికి నీళ్లొక్కటే కారణం కాదు. మలావీ చేప రోజంతా వేగంగా కదులుతూ, తగాదా పడుతూ, మేత మీదికి ఎగబడుతుంది. డిస్కస్ నెమ్మది మనిషి. మేత కూడా ఆలోచించి తింటుంది. దీన్ని దానితో వేస్తే వారంలో మొహం నల్లబెట్టుకుని మూలకి చేరుతుంది.

తెలుగునాట చాలాచోట్ల బోరు నీళ్లు గట్టి నీళ్లే. గీజరు, బకెట్ల మీద పేరుకునే తెల్ల పొర ఆ సంగతి చెప్తూనే ఉంటుంది. డిస్కస్ పెంచాలంటే ఆర్వో నీళ్లు కలుపుకునే తతంగం ఉంటుంది. మలావీ చేపలకి ఆ నీళ్లు వరం. కాబట్టి మన ఊళ్లలో పెద్ద ట్యాంకు పెట్టి, నీళ్లతో కుస్తీ పట్టే ఓపిక లేనివాళ్లకి నా ఓటు మలావీకే.

ఒక ముల్లు మాత్రం ఉంది. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది, అందులో ఒకటే పెద్ద విషం. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే మొత్తంలో ఆ విషరూపం అర శాతం చిల్లర. పీహెచ్ 8 అయితే 5 శాతం. 9 అయితే మూడో వంతు పైనే. అంటే మెత్తటి నీళ్లలో చేపలు ఓర్చుకునే అశ్రద్ధని గట్టి నీళ్లలో ఓర్చుకోలేవు. మలావీ ట్యాంకులో చేపలు కూడా కిక్కిరిసి ఉంటాయి కాబట్టి ఫిల్టర్ విషయంలో పిసినారితనం పనికిరాదు. కొత్త ట్యాంకులో నీళ్లు నింపిన మర్నాడే ముప్పై చేపలు వేయడం అసలే వద్దు. ఫిల్టర్‌లో అమ్మోనియాని అరిగించే బ్యాక్టీరియా పెరగడానికి నెల రోజులు పడుతుంది.

మలావీ ట్యాంకు

మలావీ, మొజాంబిక్, టాంజానియా దేశాల మధ్య పొడుగ్గా పరుచుకున్న ఈ సరస్సు లోతు 700 మీటర్ల దాకా ఉంటుంది. వందల రకాల సిక్లిడ్‌లున్నాయి, వాటిలో అత్యధికం ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. ట్యాంకు కోసం వాటిని రెండు గుంపులుగా చూస్తే సరిపోతుంది.

మొదటి గుంపు ఎంబునా. అక్కడి టోంగా భాషలో రాళ్ల చేప అని అర్థం. ఒడ్డున రాళ్ల గుట్టల మధ్య ఉంటూ, రాళ్ల మీది పాచిని గీక్కుని తింటాయి. నాలుగైదు అంగుళాలు మించవు గానీ, పొగరు మాత్రం అడుగు చేపంత. రెండో గుంపు ఇసుక నేలల మీద, నడి నీటిలో తిరిగేవి. పీకాక్‌లు, హ్యాప్‌లు అని దుకాణాల్లో పిలిచేవి ఇవే. పీకాక్ తల కింద భాగంలో చిన్న చిన్న గుంటలుంటాయి. ఇసుకకి అంగుళం ఎత్తులో కదలకుండా నిలబడి, లోపల పురుగు కదిలితే ఆ గుంటలతో పసిగట్టి గబుక్కున ఇసుకలో మూతి పెడుతుంది. మేత వేయడం కాసేపు ఆపి ఇది చూస్తూ కూర్చోవచ్చు. ఎంబునాతో పోలిస్తే పీకాక్‌ది మెతక స్వభావం.

ఈ రెండు గుంపుల్నీ కలపాలా వద్దా అన్నది మలావీ పెంచేవాళ్ల మధ్య ఎడతెగని వాదన. నా మాట ఇది: రౌడీ ఎంబునాతో పీకాక్‌ని కలపొద్దు, సాధు ఎంబునాతో కలపొచ్చు. పీకాక్ మగదానికి రంగు రావాలంటే అది భయం లేకుండా తిరగాలి. ఆరాటస్ తరుముతుంటే నీలం, పసుపు ఏవీ పొంగవు, బూడిదరంగులోనే ఉండిపోతుంది. దుకాణంవాడు నకిలీ ఇచ్చాడని మనం తిట్టుకుంటాం.

సాధువుల్లో మొదటిది పసుపు ల్యాబ్. నాలుగంగుళాల చేప, పేరుకి ఎంబునా గానీ రాళ్ల సందుల్లో పురుగుల్ని ఏరుకుని తినే రకం. కాబట్టి పీకాక్‌ల మేత దీనికీ సరిపోతుంది. రెండోది రస్టీ. ఊదా, ఇటుక రంగులు కలిసినట్టుంటుంది. దుకాణం వెలుతురులో దిగులుగా కనబడుతుంది కాబట్టి ఎవరూ కొనరు. ఇంటికొచ్చాక బాగుంటుంది, ఎవరి జోలికీ పోదు. ఈ రెండిటితో ఏదో ఒక రకం పీకాక్, దానికి తోడు నడి నీటిలో తిరిగే బోర్లేయి అనే హ్యాప్ వేస్తే ట్యాంకు కింద నుంచి పైదాకా నిండుగా ఉంటుంది.

దూరం పెట్టాల్సినవి కూడా చెప్పాలి. ఆరాటస్ సంగతి చెప్పాను. కెన్యీ ఇంకో మాయగాడు. పిల్లప్పుడూ, ఆడవీ నీలంగా ఉంటాయి. మగది పెరిగి పసుపు రంగుకి తిరుగుతుంది, తిరిగినప్పటి నుంచి ఆగదు. డెమసోనీ నీలం నలుపు చారలతో మూడంగుళాల బొమ్మలా ఉంటుంది. బయటివాళ్లతో పెద్దగా పేచీ లేదు, తన జాతి వాళ్లనే చంపుతుంది. అలాంటి వాటిని నాలుగైదు తెస్తే చివరికి ఒకటే మిగులుతుంది. పన్నెండు, పదిహేను తెస్తే కొట్టేవాడికి ఎవణ్ణి కొట్టాలో తెలియక సర్దుకుంటాడు.

ఈ చివరి సూత్రం కొత్తవాళ్లకి తలకిందులుగా అనిపిస్తుంది. కొట్లాట ఎక్కువైతే చేపల్ని తగ్గించాలి కదా? మలావీ ట్యాంకులో కొంతవరకు పెంచాలి. ఆరు చేపలుంటే దెబ్బలన్నీ అందరికంటే బలహీనమైన ఒక్కదాని మీదే పడతాయి. ముప్పై ఉంటే తలా ఒకటి పడి ఎవరికీ ప్రాణం పోదు. అలాగే ఒక మగదానికి ఒక్క ఆడచేపని ఇస్తే దాన్ని వెంటపడి వెంటపడి చంపుతుంది. మూడు నాలుగు ఆడవి ఉండాలి. ఒకే జాతి మగవి రెండైతే ఒక ఒరలో రెండు కత్తులే. అయితే కిక్కిరిసి ఉంచడం అన్నది ఫిల్టర్, నీళ్ల మార్పిడి మీద నిలబడే ఉపాయం. వారానికి మూడో వంతు నీళ్లు మార్చలేనివాడు దీని జోలికి పోకూడదు.

సిక్లిడ్ పక్కవాణ్ణి జాతి పేరుతో గుర్తుపట్టదు, రంగుతో, ఆకారంతో గుర్తుపడుతుంది. తనలా ఉన్నవాడే తన పోటీదారు. కాబట్టి నీలం చారల చేపలు మూడు రకాలు తేవడం అంటే మూడు పోట్లాటలు కొనడమే. ఒకటి నిండు పసుపు, ఒకటి ఊదా, ఒకటి నీలం, ఇలా ఎడంగా ఉండేలా ఎంచుకోవాలి. ఇందులో ఇంకో చిక్కు ఉంది. పీకాక్‌లలో మగవాటికి రకానికో రంగు, ఆడవి మాత్రం అన్ని రకాల్లోనూ దాదాపు ఒకే గోధుమరంగు. మూడు రకాల పీకాక్‌లని ఆడవాటితో సహా కలిపితే ఏ ఆడది ఏ మగదానితో గుడ్లు పెట్టిందో ఎవరికీ తెలియదు. పసుపు ల్యాబ్, రెడ్ జీబ్రా అనే ఇంకో ఎంబునా కూడా ఇలాగే కలిసిపోతాయి. ‘మిక్స్’ పెట్టెల్లో ఏ పుస్తకంలోనూ కనబడని చేపలు వచ్చేది ఇందుకే.

ఇది ట్యాంకు సమస్య మాత్రమే కాదు. విక్టోరియా సరస్సులో 1950ల్లో వదిలిన నైల్ పెర్చ్ అనే పెద్ద వేటచేప వందల సిక్లిడ్ జాతుల్ని మింగేసిందని చాలామందికి తెలుసు. అంతగా తెలియని ఇంకో నష్టం కూడా అక్కడ జరిగింది. చుట్టుపక్కల నుంచి వచ్చి చేరిన మురుగు, మట్టి వల్ల నీళ్లు మసకబారి, ఆడచేపలకి మగవాటి రంగులు సరిగా కనబడక, వేరువేరు జాతులు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం మొదలైంది. రంగు వాటికి అలంకారం అనుకుంటాం. వాటి లెక్కలో అది ఇంటిపేరు.

ఇవన్నీ తలనొప్పి అనుకునేవాళ్లు అన్నీ మగవే ఉండే ట్యాంకు పెడతారు. రకానికి ఒక్కటి చొప్పున, పోలికలు లేని పీకాక్, హ్యాప్ మగచేపలు పదిహేను, ఇరవై. ఆడవి లేవు కాబట్టి పోటీ తగ్గుతుంది, రంగులు మాత్రం పూర్తిగా ఉంటాయి. చూడ్డానికి దీన్ని మించింది లేదు. ఖర్చు ఎక్కువ, ఎందుకంటే మగవి అని ఖాయంగా తెలిసిన సైజులో కొనాలి. పొరపాటున ఒక్క ఆడది దూరిందా, ఆ రాత్రికే సభ రసాభాస.

మేత సంగతి ఒక్కమాటలో తేలదు. పాచి తినే ఎంబునాకి పేగు చాలా పొడుగు. దానికి రోజూ బ్లడ్ వార్మ్స్ (ఎర్ర పురుగులు), మాంసం పెడితే పొట్ట ఉబ్బి, మేత మానేసి, తెల్లటి దారంలాంటి విసర్జనతో రెండు మూడు రోజుల్లో ప్రాణం తీసే జబ్బు వస్తుంది. మలావీ బ్లోట్ అంటారు. మాంసాహారి హ్యాప్‌కి పాచి మేత మాత్రమే పెడితే అది ఎండిపోతుంది. ఒకే ట్యాంకులో రెండు వంటలు చేయలేం కదా, బలమున్నది రెండూ తినేస్తుంది. అందుకే కలిపేటప్పుడు మేత కలిసేవాటినే కలపాలి. ఇంకో హ్యాప్ ఉంది, లివింగ్‌స్టోనీ అని. ఇసుక మీద చచ్చినట్టు పక్కకి ఒరిగి పడుకుంటుంది. కళేబరం అనుకుని కొరకడానికి వచ్చిన చిన్న చేపని లేచి మింగేస్తుంది. ఈ నాటకం ఇంట్లో చూడాలనుకునేవాళ్లు రస్టీ పిల్లల మీద ఆశ వదులుకోవాలి.

సిక్లిడ్‌ల మధ్య సిక్లిడ్ కానిది ఒకటి కావాలంటే సైనొడాంటిస్ జాతి మీసాల చేపలు బాగా ఇముడుతాయి. అందులో ఒకటి టాంగన్యికా కోకిల. తల్లి సిక్లిడ్ గుడ్లు పెట్టి నోట్లోకి తీసుకునే కంగారులో ఇది మధ్యలో దూరి తన గుడ్లు కలిపేస్తుంది. ఆ పిల్లలు ముందే గుడ్లలోంచి బయటికొచ్చి, ఆ నోట్లోనే సిక్లిడ్ పిల్లల్ని తింటూ పెరుగుతాయి. కాకి గూట్లో కోకిల ఇంతకంటే మర్యాదస్తురాలు.

అమెరికా వైపు

అమెజాన్ వైపు చేపలతో పెద్ద ట్యాంకు వేరే అందం. రాళ్ల గుట్టల బదులు చెట్ల మొద్దులు, మెత్తటి ఇసుక, తక్కువ వెలుతురు. చేపలు తక్కువ, ఒక్కొక్కటీ పెద్దవి. ఇక్కడ మొదటి ప్రశ్న నోరు. నోట్లో పట్టేది ఏదైనా మేతే. ఏంజెల్ చేపతో నియాన్ టెట్రాలు వేసి, రోజుకొకటి మాయమవుతుంటే ఫిల్టర్‌ని అనుమానించినవాళ్లు నాకు తెలుసు. ఏంజెల్ పెద్దయ్యాక ఆరంగుళాలు, నియాన్ అంగుళంన్నర. ఈ లెక్క ముందే వేసుకోవాలి.

ఆస్కార్‌ని మన దుకాణాల్లో రెండంగుళాల బుజ్జిపిల్లగా అమ్ముతారు. ఏడాదిలో ఎనిమిది అంగుళాలు దాటడం మామూలే, తర్వాత అడుగు దాటుతుంది. మనిషిని గుర్తుపట్టి అద్దం దగ్గరికి వస్తుంది, అలుగుతుంది, నచ్చని మొక్కని పీకి పారేస్తుంది. ఆరడుగుల ట్యాంకులో రెండు ఆస్కార్‌లు, నాలుగైదు సిల్వర్ డాలర్ చేపలు, ఒకటో రెండో సెవెరమ్ సిక్లిడ్‌లు. అంతే, అక్కడితో ఇల్లు నిండింది. ఆస్కార్ ఒళ్లు పెద్దది గానీ నిజానికి దానికి కొట్లాట రాదు. దానికంటే చిన్నదైన గ్రీన్ టెర్రర్ అనే సిక్లిడ్ దాన్ని ఏడిపించగలదు.

నా మనసుకి నచ్చిన జోడీ మాత్రం ఆస్కార్ లేని ట్యాంకు. జియోఫేగస్‌లు ఆరు, సెవెరమ్‌లు రెండు, ఎలక్ట్రిక్ బ్లూ అకారాలు రెండు, పైన ఈదడానికి పెద్ద రకం టెట్రాల గుంపు. జియోఫేగస్ అంటే మన్ను తినేది అని అర్థం. నోటి నిండా ఇసుక తీసుకుని, మేత మింగి, మిగతాది మొప్పల్లోంచి జల్లెడ పట్టినట్టు వదులుతుంది. గులకరాళ్లు వేస్తే ఈ చేప తెచ్చినందుకు అర్థమే లేదు. పైన గుంపుగా తిరిగే టెట్రాలకి ఇంకో పని కూడా ఉంది. అవి ధైర్యంగా తిరుగుతుంటే, పైన గద్దలూ కొంగలూ లేవన్నమాట అని కింద సిక్లిడ్‌లు కూడా బయటికి వస్తాయి.

డిస్కస్‌ని ఈ కొలువులో కూర్చోబెట్టొద్దు. దానికి 28 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం కావాలి, అంత వేడి మిగతావాటిలో కొన్నిటికి పడదు. ఏంజెల్‌తో వేస్తే ఏంజెలే మేతంతా తినేస్తుంది.

అమెరికా ట్యాంకులో అసలు ఉపద్రవం పెళ్లిళ్లతో వస్తుంది. ఏడాదిపాటు ఒద్దికగా ఉన్న ఆరు ఏంజెల్‌లలో రెండు జంట కట్టి, ఒక మొద్దుని శుభ్రం చేయడం మొదలుపెడితే మిగతా నాలుగూ ఆ వారం చివరికి ఎదుటి మూలలో ఉంటాయి. ఇది గుణం చెడడం కాదు, తల్లిదండ్రుల పని అవి చేస్తున్నాయి. ట్యాంకు ఆరడుగులుండటం వల్ల లాభం ఇక్కడే తెలుస్తుంది: ఒక చివర జంట ఉన్నా, ఇంకో చివర మిగతావి బతికేందుకు చోటుంటుంది. నాలుగడుగుల్లో అది కుదరదు. జంటని వేరే ట్యాంకులోకి మార్చే వీలు లేనివాళ్లు, ప్రతి రకంలో ఒక్కొక్కటే పెంచడం మేలు.

మధ్య అమెరికా చేపల గురించి ఎక్కువ చెప్పను. జాక్ డెంప్సీ అనే చేపకి ఆ పేరు 1919 నుంచి 1926 దాకా హెవీవెయిట్ ఛాంపియన్‌గా ఉన్న బాక్సర్ నుంచి వచ్చింది, అది చాలు. కాన్విక్ట్ నాలుగంగుళాల చేప. పిల్లలున్నప్పుడు తనకి మూడింతలున్న దాన్నైనా తరుముతుంది. పైగా ఎంత చిన్న డబ్బాలోనైనా గుడ్లు పెడుతుంది. ఒక్క ఫైర్‌మౌత్ మాత్రం నయం. ఎర్రటి గొంతు సంచి ఊదుకుని మీదికొచ్చినట్టు బెదిరిస్తుంది, చాలావరకు బెదిరింపుతోనే సరి. జాగ్వార్, రెడ్ డెవిల్‌లకి పలు రకాలు కలిసుండే కమ్యూనిటీ ట్యాంకు అన్న మాటే వర్తించదు. ఫ్లవర్ హార్న్ కూడా అంతే. 1990ల్లో మలేషియాలో మధ్య అమెరికా సిక్లిడ్‌లని కలిపి పుట్టించిన సంకరం అది. అదృష్టం తెస్తుందని మన ఇళ్లలోకీ వచ్చింది. తెస్తుందో లేదో గానీ, పక్కన ఇంకో చేపని మాత్రం ఉండనివ్వదు. దానికి ఒంటరి ట్యాంకే.

టాంగన్యికా చేపలు పెంచేవాళ్లకి క్షమాపణలతో ఒక్క హెచ్చరిక చేసి వదిలేస్తాను. బ్రిషార్డీ అనే తెల్లటి సుకుమారమైన చేప ఉంది. అన్నలూ అక్కలూ కలిసి తమ్ముళ్లని సాకే ఉమ్మడి కుటుంబం దానిది. ఆరు తెస్తే రెండేళ్లలో ట్యాంకంతా ఆ కుటుంబమే ఉంటుంది, మిగతా అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి ఉంటారు.

రాళ్లు, బరువు, ఎండ

ట్యాంకు ఎత్తు చూసి మురిసిపోతాం గానీ, సిక్లిడ్‌కి కావాల్సింది నేల. 6 అడుగుల పొడవు, 2 వెడల్పు, 2 ఎత్తు అంటే సుమారు 680 లీటర్లు. అదే నీళ్లు నాలుగడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు ట్యాంకులో పట్టినా, కొట్లాటకి అది నాలుగడుగుల ట్యాంకే. గాజు, రాళ్లు, ఇసుక, స్టాండు కలిపితే బరువు టన్నుకి దగ్గరవుతుంది. ఇళ్ల గదుల స్లాబుని మామూలుగా చదరపు మీటరుకి 200 కిలోల లెక్కన వేస్తారు. ఈ ట్యాంకు నీళ్లే, తాను నిలబడిన చోట చదరపు మీటరుకి 600 కిలోలు దాటుతాయి. పై అంతస్తులో ఉన్నవాళ్లు గది మధ్యలో పెట్టకుండా, బీము ఎక్కడుందో తెలిసిన ఇంజినీరుని ఒకసారి అడగాలి.

రాళ్లు ముందు, ఇసుక తర్వాత. ఇసుక మీద రాళ్లు పేరిస్తే సిక్లిడ్‌లు కింద తవ్వి గుట్ట కూలుస్తాయి, అద్దం పగిలితే హాలు చెరువవుతుంది. గుట్టలు రెండు మూడు విడివిడిగా, మధ్యలో చూపు ఆనకుండా ఉండాలి. కంటికి కనబడనివాణ్ణి చేప తరమదు. వేసే వరసలో సాధువులు ముందు, పెత్తందారులు ఆఖరున. ఏడాది తర్వాత కొత్త చేప తెస్తే దాన్ని వేసే ముందు రాళ్లన్నీ అటూ ఇటూ మార్చేయాలి. పాత సరిహద్దులు చెరిగిపోయి పాతవాళ్లూ కొత్తవాళ్లే అవుతారు. ఆ కంగారులో కొత్తదానికి చోటు దొరుకుతుంది.

మన ఎండల్ని ఏ పుస్తకమూ లెక్కలోకి తీసుకోదు. మలావీ చేపకి 24 నుంచి 28 డిగ్రీలు హాయి. మే నెలలో మన హాల్లో ట్యాంకు 32 దాటుతుంది. నీళ్లు వేడెక్కిన కొద్దీ ప్రాణవాయువు తగ్గుతుంది, చేప ఒంటికేమో ఎక్కువ కావాలి. వేడిలో చిరాకు కూడా ఎక్కువ, వేసవిలోనే తోకలు ఎక్కువ చిరుగుతాయి. మూత తీసి నీటి మీదికి ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. కరెంటు పోతే నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉండాలి. ముప్పై చేపలున్న ట్యాంకు గాలి లేకుండా ఎక్కువ గంటలు నిలవదు.

ఇవన్నీ విన్నాక వరంగల్ తమ్ముడు పసుపు ల్యాబ్‌లు ఎనిమిది, రస్టీలు ఎనిమిది, ఒకే రకం నీలం పీకాక్‌లో మగది ఒకటి, ఆడవి నాలుగు, బోర్లేయి ఒక మగ, మూడు ఆడ తెచ్చుకున్నాడు. రస్టీలు దొరకడానికే రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ ట్యాంకు ఖాళీగా నడుస్తుంటే వాళ్లావిడ “నీళ్లని పెంచుతున్నావా?” అని అడిగేదట. మంచిదే, ఆలోగా ఫిల్టర్ కుదురుకుంది.

మొన్న మళ్లీ ఫోన్ చేశాడు. గొంతులో కంగారు. “అన్నా, ఒక ల్యాబ్ నాలుగు రోజుల నుంచి మేత ముట్టట్లేదు. రాయి వెనకే ఉంటోంది. మందు వెయ్యమంటావా?”

“దవడ కింద ఉబ్బుగా ఉందా? నోట్లో ఏదో నములుతున్నట్టు కదుపుతోందా?” అన్నాను.

ఫోన్ పట్టుకునే ట్యాంకు దగ్గరికి నడిచినట్టున్నాడు, మోటారు చప్పుడు వినబడింది. “అవునన్నా. సంచిలాగా ఉంది.”

“మందు వద్దు. ఇంకో పదిహేను ఇరవై రోజులు దాన్ని కదిలించకు” అన్నాను.